పచ్చిక మైదానాల కథకురాలు – లారా ఇంగల్స్ వైల్డర్

అనుభవం అందరికీ ఉంటుంది. దానిని పదిలపరచి తరువాతి తరాలకు అందించే శక్తి కొందరికే ఉంటుంది. అమెరికా పచ్చిక మైదానాలలో పేదరికాన పెరిగి, అరవై ఐదేండ్ల వయస్సులో తొలి గ్రంథం వెలువరించిన లారా ఇంగల్స్ వైల్డర్ అట్టి శక్తి గల రచయిత్రి. ఆ దేశపు బడులలో ఆమె పుస్తకాలు కథలుగానే గాక చరిత్ర, భూగోళం, గణితం, విజ్ఞానశాస్త్రాల బోధనకు కూడా ఆధారమైనాయి.

లారా 1867 ఫిబ్రవరి 7న విస్కాన్సిన్ రాష్ట్రంలోని పెపిన్ గ్రామ సమీపాన జన్మించింది. తండ్రి చార్లెస్ ఇంగల్స్, తల్లి కరొలిన్. వేట, వడ్రంగం, వ్యవసాయం తెలిసిన చార్లెస్ రాత్రివేళల్లో ఫిడేలు వాయించి, కథలు చెప్పి పిల్లలను అలరించేవాడు. అయితే ఒకచోట కుదురుగా నిలిచే స్వభావం ఆయనది కాదు. పడమట విస్తారమైన భూమి ఉన్నదన్న ఆశ ఆయనను నిలువనిచ్చేది కాదు.

ఆనాడు ఎందరో పేదలలో ఇటువంటి ఆశను రేకెత్తించినది 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం. అధ్యక్షుడు అబ్రహాం లింకన్ ఆమోదించిన ఈ చట్టం ప్రకారం ఇరవై ఒక్క సంవత్సరాలు నిండినవారు గాని, కుటుంబ పెద్దలు గాని స్వల్ప రుసుము చెల్లించి 160 ఎకరాల ప్రభుత్వ భూమిని పొందవచ్చు. అక్కడ ఇల్లు కట్టుకొని ఐదేండ్లు సాగుచేస్తే అది వారి సొంతమవుతుంది. భూమి లేనివారికి ఇది గొప్ప వరమే. కాని ఆ నేల అంతకుముందు నిర్జనమైనది కాదు. తరతరాలుగా ఆదివాసులు బ్రతికిన నేల.

లారా పసితనంలోనే ఈ సత్యం ఆమె కుటుంబానికి ఎదురైంది. 1869లో వారు గూడుబండిలో కాన్సాస్ చేరి, ఇండిపెండెన్స్ పట్టణ సమీపాన దుంగలతో ఇల్లు కట్టుకున్నారు. అది ఓసేజ్ తెగకు చెందిన భూమి. అక్కడ స్థిరపడే హక్కు చార్లెస్‌కు లేదు. ఆ ఇంటిలో అందరూ చలిజ్వరంతో మంచం పట్టినప్పుడు జార్జ్ టాన్ అనే నల్లజాతి వైద్యుడు వారికి చికిత్స చేశాడు. 1870లో కుదిరిన ఏర్పాటు ప్రకారం ఓసేజ్ ప్రజలు కాన్సాస్ భూములను వదులుకొని నేటి ఓక్లహామా ప్రాంతానికి తరలిపోవలసి వచ్చింది. ఇంతలో విస్కాన్సిన్‌లోని ఇల్లు కొన్న వ్యక్తి సొమ్ము చెల్లించలేకపోవడంతో 1871లో ఇంగల్స్ కుటుంబం అక్కడికే తిరిగి వెళ్ళింది.

1874లో వారు మిన్నెసోటాలోని వాల్‌నట్ గ్రోవ్ చేరారు. వాగు గట్టును తొలిచి కట్టిన మట్టి ఇంటిలో కొంతకాలం నివసించారు. గోధుమ పైరు ఏపుగా పెరిగి, అప్పులు తీరుతాయనుకున్న వేళ మిడతల దండు ఆకాశాన్ని కప్పివేసింది. పచ్చని ఆకు మిగలలేదు. చార్లెస్ పొట్ట చేతబట్టుకొని కూలిపనికి తూర్పు ప్రాంతాలకు వెళ్ళవలసి వచ్చింది. 1876లో తొమ్మిది నెలల పసివాడైన లారా తమ్ముడు మరణించాడు. 1879లో అక్క మేరీ జబ్బుపడి చూపు కోల్పోయింది.

అప్పటికి లారాకు పన్నెండేండ్లు. అక్కకు కన్నులుగా మెలగవలసిన బాధ్యత ఆమెపై పడింది. సూర్యాస్తమయపు రంగులు, గాలికి అలలెత్తే గడ్డి, దారిన పోయే బండి - చూసిన ప్రతిదానిని మాటలలో చిత్రించి అక్కకు వినిపించేది. ఏ గురువూ నేర్పని వర్ణనా నైపుణ్యం ఆమెకు ఆ విధంగా అలవడింది.

అదే సంవత్సరం కుటుంబం డకోటా ప్రాంతానికి వలస వెళ్ళి, డి స్మెట్ వద్ద ప్రభుత్వ భూమి పొందింది. 1880 అక్టోబరులో మొదలైన మంచు తుఫానులు మరుసటి వసంతం వరకు విడువలేదు. రైళ్ళు నిలిచిపోయి బొగ్గు, పిండి కరువైనాయి. ఇంటిల్లిపాదీ ఎండుగడ్డిని పురిపెట్టి పొయ్యిలో వేసేవారు. కాఫీ గింజలు పొడిచేసే చిన్న మరలో గోధుమలు విసిరి రొట్టె చేసుకునేవారు. ఊరు ఆకలితో అలమటిస్తున్నప్పుడు అల్మాంజో వైల్డర్ అనే యువకుడు ఒక మిత్రునితో కలిసి మంచులో ప్రయాణించి గోధుమలు తెచ్చాడు.

లారా చిన్న వయస్సులోనే ఉపాధ్యాయురాలై కుటుంబానికి ఆసరాగా నిలిచింది. మేరీ అయోవాలోని అంధుల కళాశాలలో చదువుకుంది. 1885లో లారా అల్మాంజోను వివాహమాడింది. మరుసటి సంవత్సరం రోజ్ అనే కుమార్తె జన్మించింది. కాని సుఖం ఎంతోకాలం నిలువలేదు. కంఠసర్పి సోకి అల్మాంజో కాళ్ళు పట్టు తప్పాయి. అనావృష్టితో పంటలు ఎండిపోయాయి. 1889లో పసికందైన కుమారుడు మరణించాడు. ఇల్లు అగ్నికి ఆహుతైంది. చివరకు 1894లో మిస్సోరీలోని మాన్స్‌ఫీల్డ్ వద్ద 40 ఎకరాలు కొని, ఆ దంపతులు మళ్ళీ జీవితం ప్రారంభించారు.

1911 నుండి లారా వ్యవసాయ పత్రికకు వ్యాసాలు రాసింది. 1930 ప్రాంతంలో తన జ్ఞాపకాలను గ్రంథస్థం చేసింది. అప్పటికే రచయిత్రిగా పేరొందిన రోజ్ ఆ రాతలను తీర్చిదిద్దడంలో తోడ్పడింది. 1932లో తొలి పుస్తకం వెలువడింది. 1943 నాటికి వాటి సంఖ్య ఎనిమిదికి చేరింది. లారా 1957 ఫిబ్రవరి 10న, తొంభై ఏండ్లు నిండిన మూడవ రోజున కన్నుమూసింది.

ఈ పుస్తకాలతో ఉపాధ్యాయుడు ఎన్నో పాఠాలు చెప్పవచ్చు. ఇంగల్స్ కుటుంబం నడిచిన దారిని పటంలో గుర్తిస్తే భూగోళం. 160 ఎకరాలను కొలిస్తే గణితం. మిడతల జీవితాన్ని తెలుసుకుంటే జీవశాస్త్రం. వెన్న చిలికితే చేతిపని. ఆనాటి చట్టాన్ని చదివితే చరిత్ర. అయితే ఆ చరిత్ర పాఠంలో ఒక కఠినమైన ప్రశ్న కూడా ఉంది. ఆ నేల ఎవరిది?

లారా రచనల్లో ఆదివాసులను, నల్లజాతివారిని కించపరిచే చిత్రణలున్నాయి. కాన్సాస్‌లో ఆదివాసులు తప్ప మనుషులు లేరన్నట్లు ధ్వనించే వాక్యాన్ని ఒక పాఠకురాలు 1952లో ఎత్తిచూపగా లారా తన పొరపాటును అంగీకరించింది. ఆ వాక్యం సవరించబడింది. ఆమె పేరిట ఇస్తూ వచ్చిన బాలసాహిత్య పురస్కారం పేరును అమెరికా గ్రంథాలయ సంఘపు శాఖ 2018లో మార్చింది. అయితే ఈ పేరు మార్పు పుస్తకాలపై నిషేధం కాదు.

చూపులేని అక్కకు లోకాన్ని చూపిన లారా, తాను నిలిచిన నేల నుండి తొలగింపబడినవారి బాధను పూర్తిగా చూడలేకపోయింది. ఆమె కుటుంబం పడిన కష్టం ఎంత నిజమో, ఓసేజ్ ప్రజలు కోల్పోయినది కూడా అంతే నిజం. ఈ రెండింటిలో ఏ ఒక్కదానిని విడిచినా ఆ పాఠం అసంపూర్ణమే. తాను చూసినదానిని దాచక చెప్పడం లారా నేర్పిన విద్య. ఆమె చూడనిదానిని వెదకి తెలుసుకోవడం నేటి విద్యార్థి కర్తవ్యం.