నియమమే ధనముగా జీవించిన త్యాగరాజస్వామి

తాము ఏర్పరచుకొన్న నియమమును కడవరకు తప్పక జీవించిన మహనీయులలో శ్రీ త్యాగరాజస్వామి వారు అగ్రగణ్యులు.

స్వామి వారు 1767వ సంవత్సరము మే 4వ తేదీన తిరువారూరులో జన్మించిరి. తండ్రి కాకర్ల రామబ్రహ్మముగారు, తల్లి సీతమ్మగారు. వారి పూర్వులు తెలుగుదేశము నుండి కావేరీతీరమునకు తరలిపోయినవారు. చుట్టును అరవభాష వినబడుచున్నను ఆ ఇంట తెలుగు మాయలేదు. స్వామి వారి కీర్తనలలో కొన్ని సంస్కృతమున నున్నను, మిక్కిలి భాగము తెలుగులోనివే. తిరువైయారులో పెరిగి, శొంఠి వేంకటరమణయ్యగారివద్ద సంగీతము నభ్యసించిరి.

స్వామి వారి నియమములు రెండు. సంగీతమును అమ్మరాదు; ధనమునకై మనుష్యుని పొగడరాదు. మరి జీవనమెట్లు? ఉంఛవృత్తి. తంబుర చేతబూని, రామనామము పాడుచు వీథులవెంట నడచి, గృహస్థులు భక్తితో నిచ్చిన బియ్యమును స్వీకరించెడివారు. దానితోనే ఇల్లు గడచెడిది. శిష్యులకు అన్నము పెట్టెడివారు.

1798 నుండి 1832 వరకు తంజావూరు ప్రభువుగానుండిన శరభోజి మహారాజు కానుకలంపి ఆస్థానమునకు పిలిపించగా, స్వామి వారు నిరాకరించిరని సంప్రదాయము చెప్పుచున్నది. ధనమా, దైవసేవయా అని మనస్సునే ప్రశ్నించు కల్యాణిరాగ కీర్తన అప్పుడు పుట్టినదందురు.

అన్నగారైన జపేశునికి ఇది సహింపలేదు. కోపమున ఆయన పూజావిగ్రహములను కావేరిలో పారవేసెననియు, స్వామి వారు విలపించి, వెదకి, తుదకు వాటిని కనుగొనిరనియు కథ కలదు. అన్నగారి కార్యము తప్పే. అయినను ఆ కోపమునకు మూలమును మనము గ్రహింపవలెను. లేమి గల ఇంట రాజధనమును కాదనుట చిన్న మాట కాదు. ఒకరి నియమభారమును ఇంటిల్లిపాదియు మోయవలసివచ్చును. స్వామి వారు ఆ భారమును ఇతరులపై వదలలేదు. బియ్యమునకై వీథిలో నడచినది తామే.

కడపటి దినములలో సన్యసించి, 1847 జనవరి 6న తిరువైయారులో సిద్ధిపొందిరి. నేటికిని ప్రతి పుష్యబహుళపంచమినాడు అచ్చట విద్వాంసులు కూడి పంచరత్నకీర్తనలను ఏకకంఠముగా పాడుదురు.

ఆ తరువాత 13 ఏండ్లకు, 1860లో, ట్రూరో అను ఓడ మద్రాసు రేవు వదలి నవంబరు 16న డర్బను చేరినది. ఆ త్రోవనే మన పెద్దలును ఈ నేటాలు చెరకుతోటలకు వచ్చిరి. పరభాషల నడుమ తెలుగును నిలుపుకొనుట ఎంత కష్టమో మనకు తెలియును. కనుక కావేరీతీరమునందలి ఆ ఇల్లు మనకు పరాయిది కాదు.

మన పిల్లలు నేడు విద్యలు నేర్చి జీతములు తెచ్చుకొనుచున్నారు. అది ధర్మమే, అందరును ఉంఛవృత్తి చేయజాలరు. కాని ఎంత వెలకైనను అమ్మరానిది ఒక్కటి ప్రతివారికి నుండవలెను. అది ఏదియో ముందే నిశ్చయించుకొని, దాని కష్టమును ఇతరులపై మోపక తామే భరించుటకు సిద్ధపడవలెను. స్వామి వారి జీవితము మనకు నేర్పు పాఠమిదియే.