గుబ్బియో తోడేలు, ఉద్దానం ఎలుగు

అక్టోబరు 4న శ్రీసభ పునీత అస్సీసిపుర ఫ్రాన్సిస్ వారి పండుగ జరుపుకుంటుంది. మన విచారణల్లో చాలామందికి ఆయన భుజాల మీద పక్షులు వాలిన పటంగానే తెలుసు. పటం చూడ ముచ్చటైనదే. కాని మందస, వజ్రపుకొత్తూరు వైపు తెల్లవారుజామున జీడితోటకు వెళ్ళే మనిషికి ఎదురయ్యేది పిచ్చుక కాదు, ఎలుగుబంటి. ఆ మనిషికి కూడా ఫ్రాన్సిస్ వారి జీవితంలో ఒక మాట ఉంది.

ఇటలీ దేశంలోని అస్సీసి పట్టణంలో 1181 ప్రాంతంలో ఒక బట్టల వర్తకుని ఇంట ఆయన జన్మించారు. యౌవనం విందులతో, వేడుకలతో గడిచింది. 1202లో పెరూజియా పట్టణంతో జరిగిన యుద్ధంలో పట్టుబడి దాదాపు ఏడాది చెరలో ఉన్నారు. తిరిగి వచ్చాక మనసు మారింది. కుష్ఠరోగిని చూస్తే ముక్కు మూసుకునే ఆ యువకుడు గుర్రం దిగి రోగి చేతిని ముద్దు పెట్టుకున్నారు. 1206 ప్రాంతంలో మేత్రాణుల ఎదుట ఒంటిమీది బట్టలు సైతం తండ్రికి ఇచ్చివేశారు.

ప్రాణులమీద ఆయన ప్రేమ ఈ పేదరికంలోంచే పుట్టింది. దారిలో పురుగు కనబడితే ఎవరి కాలికిందా పడకుండా తీసి పక్కన పెట్టేవారు. చలికాలంలో తేనెటీగలకు తేనె పెట్టించేవారు. కట్టెలు కొట్టే సహోదరులకు, చెట్టును మొదలంటా నరకవద్దని, మళ్ళీ చిగురించే ఆశ దానికి మిగల్చమని చెప్పేవారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు కూలిన కొబ్బరి, జీడి చెట్ల మధ్య నిలబడి ఏడ్చిన మన రైతులకు ఆ మాట విలువ వేరే చెప్పనక్కరలేదు. క్రిస్మసు నాడు పక్షుల కోసం దారుల్లో గింజలు చల్లించాలని, ఎద్దులకు, గాడిదలకు మేత ఎక్కువ వేయించాలని, బీదలకు కడుపునిండా పెట్టించాలని ఆయన కోరిక.

ఇక గుబ్బియో తోడేలు సంగతి. ఈ కథ ఆయన మరణించిన నూరేళ్ళ తరువాతి గ్రంథంలో కనిపిస్తుంది. ఆయన తొలి చరిత్రకారుడు తోమా చెలానో దీన్ని రాయలేదు. అయినా ఫ్రాన్సిస్ వారి స్వభావం ఇందులో స్పష్టంగా ఉంది. ఆ ఊళ్ళో ఒక తోడేలు పశువులనూ మనుషులనూ చంపుతుంటే, ఆయన ఎదురువెళ్ళి సిలువ గుర్తు వేశారు. తోడేలు అమాయకమైనదని ఆయన అనలేదు. అది హంతకి అనీ, ఉరికి తగినదనీ దాని ముఖానే చెప్పారు. ఆకలి వల్లనే ఆ పాపం చేసిందని కూడా గుర్తించారు. తరువాత ఊరివారితో ఒప్పందం కుదిర్చారు. రోజూ తిండి పెట్టడం ఊరి వంతు, ఎవరికీ హాని చేయకపోవడం దాని వంతు. రెండేళ్ళు అది ఇంటింటా తిరిగి తిని, ముసలిదై చనిపోతే ఊరంతా దుఃఖించింది.

2022 జూనులో వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఎలుగు దాడికి ఒకరు మరణించారు, పలువురు గాయపడ్డారు. మత్తుమందుతో పట్టుకున్న కొద్దిసేపటికే ఎలుగూ చనిపోయింది. మనిషిని పోగొట్టుకున్న ఇంటికి వెళ్ళి ప్రకృతి ప్రేమ బోధించడం న్యాయం కాదని నా అభిప్రాయం. గుబ్బియోలో తిండి ఖర్చు ఊరంతా పంచుకుంది, తోడేలు పళ్ళకు చిక్కిన ఒక్క ఇల్లు కాదు. ఇక్కడ టెక్కలి నీలి గ్రానైటు దూరదేశాలకు పోతుంది. కొండ తొలిస్తే పోయేది ఎలుగు గుహ. దాని కోపానికి దొరికేది జీడితోట కూలి. ఈ లెక్కలో లాభం పొందినవారు ఎంత ఇస్తున్నారు?

చివరి ఏళ్ళలో ఫ్రాన్సిస్ వారికి కళ్ళు దాదాపు కనబడలేదు. వైద్యులు కాల్చిన ఇనుముతో కణతల దగ్గర వాత పెట్టారు. ఆ నిప్పును కూడా సోదరా అని పిలిచి, తనపట్ల దయగా ఉండమని వేడుకున్నారు. వెలుగు చూడలేని ఆ రోజుల్లోనే సూర్యుని, నీటిని, నేలతల్లిని తలచి సర్వేశ్వరుని స్తుతిస్తూ గీతం కట్టారు. 1226 అక్టోబరు 3 సాయంత్రం కటిక నేలమీద పడుకుని ప్రాణం విడిచారు. పొద్దుగూకాక ఎగరని భరతపక్షులు ఆ ఇంటి కప్పుమీద గుంపుగా తిరుగుతూ కూశాయని చెబుతారు. 1979లో రెండవ జాన్ పాల్ పోపుగారు ఆయనను పర్యావరణ పాలక పునీతునిగా ప్రకటించారు.

టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఏటా ఆయన పండుగ దినాల్లోనే పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు ఊరి చెట్లమీద గూళ్ళు కట్టుకుంటాయి. ఊరివారు వాటిని కొట్టరు, కొట్టనివ్వరు.