సభకు వెళ్లిన డాక్టరమ్మ

మీ ఇంట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఎవరైనా ఉంటే ఓసారి పక్కన కూర్చుని అడగండి. వాళ్లమ్మకు ఎన్నో ఏట పెళ్లయింది, ఎన్ని కాన్పులయ్యాయి, పుట్టినవాళ్లలో ఎంతమంది దక్కారు అని. పన్నెండేళ్లకు పెళ్లి, పద్నాలుగేళ్లకు తొలి కాన్పు అనే లెక్క ఆ తరంలో కొత్తేమీ కాదు. పురిట్లోనే పోయిన మేనత్త పేరు ఒకటైనా బయటికి వస్తుంది. ఆ చావుల్ని తలరాత అని వదిలేయకుండా చట్టసభలోకి మోసుకెళ్లిన ఒక డాక్టరు గురించి ఈ వారం చెప్పుకుందాం. ఆమె డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి.

1886 జులై 30న తమిళనాడులోని పుదుక్కోట్టైలో పుట్టింది. అప్పట్లో అది సంస్థానం. తండ్రి నారాయణస్వామి అయ్యర్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేసినవాడు. తల్లి చంద్రమ్మాళ్‌ది దేవదాసీ కుటుంబం. ఆ రోజుల్లో ఈ నేపథ్యంతో ఆడపిల్ల ఎన్ని మాటలు పడి ఉంటుందో మీరు ఊహించగలరు. ఈడొచ్చాక ఇంట్లోనే చదువుకుని ప్రైవేటుగా మెట్రిక్ పాసైంది. మహారాజా కాలేజీకి దరఖాస్తు పెడితే మగపిల్లల కాలేజీలో ఆడపిల్లేమిటని అభ్యంతరాలు లేచాయి. చివరికి రాజా మార్తాండ భైరవ తొండైమాన్ స్వయంగా కల్పించుకుని సీటిప్పించాడు. 1907లో మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరి 1912లో డాక్టరై బయటికొచ్చింది. ఎగ్మూరులోని స్త్రీ, శిశు ఆసుపత్రిలో హౌస్ సర్జన్‌గా చేరింది.

పెళ్లి వద్దనుకున్న మనిషి. 1914లో డాక్టర్ సుందర రెడ్డిని చేసుకునే ముందు తనను సమానంగా చూడాలని, తన పనికి అడ్డు రాకూడదని షరతు పెట్టింది. ఆయన ఒప్పుకోవడమే కాదు, ఆ మాట మీద నిలబడ్డాడు కూడా.

ఎగ్మూరులోనూ, తర్వాత సొంత ప్రాక్టీసులోనూ ఆమె దగ్గరికి వచ్చిన గర్భిణుల్లో చిన్నపిల్లలు చాలామంది. ఇక్కడ కాస్త వైద్యం మాట్లాడుకోవాలి. పదమూడు, పద్నాలుగేళ్లకు అమ్మాయి కటి ఎముకలు పూర్తిగా విచ్చుకోవు. బిడ్డ తల అక్కడే అడ్డుపడుతుంది. సమయానికి సిజేరియన్ చేసే దిక్కు లేకపోతే రెండు మూడు రోజులు నొప్పులు పడీ పడీ తల్లీబిడ్డా ఇద్దరూ పోవచ్చు. తల్లి బతికినా మూత్రాశయానికి రంధ్రం పడి జీవితాంతం మూత్రం కారుతూనే ఉండే ప్రమాదం ఉంది. బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే గుర్రపువాతం కూడా ఈ వయసులో ఎక్కువే. తన ఒళ్లే ఇంకా ఎదగని పిల్ల కడుపులో పెరిగే బిడ్డ బరువు తక్కువగా పుడుతుంది. ఇన్ని కష్టాలకు ఒకే ఒక్క మందు, ఆ కాన్పును నాలుగైదేళ్లు వెనక్కి జరపడం. ఆ మందు ఏ డాక్టరూ చీటీ మీద రాసివ్వలేడు.

1925లో ప్రభుత్వ సాయంతో ఇంగ్లండు వెళ్లి స్త్రీ, శిశు వైద్యంలో పై శిక్షణ తీసుకుంది. తిరిగొచ్చేసరికి మద్రాసు శాసనమండలికి ఆమె పేరును మహిళా సంఘాలు ముందుకు తెచ్చాయి. ఆమె మొదట తటపటాయించింది. రోగుల్ని వదిలి సభలో కూర్చుని ఏం చేస్తానన్నది ఆమె సందేహం. చివరికి ఒప్పుకుంది. బ్రిటిష్ ఇండియాలో చట్టసభలో అడుగుపెట్టిన తొలి మహిళ ఆమే. సభ్యులంతా ఏకగ్రీవంగా ఉపాధ్యక్షురాలిగానూ ఎన్నుకున్నారు. అది మన సభ కూడానండోయ్. నెల్లూరు, గుంటూరు, విశాఖపట్నం మొదలు కడప, అనంతపురం దాకా అన్నీ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే.

ఆ సభకు అధికారాలు అంతంతమాత్రం. ఆసుపత్రులు, ప్రజారోగ్యం, మున్సిపాలిటీలు మాత్రం సభకు జవాబు చెప్పాల్సిన మంత్రుల చేతుల్లో ఉండేవి. ఆమె ముందు పట్టుకున్నది అక్కడే. స్త్రీలకు, పిల్లలకు ప్రత్యేక ఆసుపత్రి కావాలని సభలో పట్టుబట్టింది. ఫలితంగా ప్రసూతి ఆసుపత్రిలో పిల్లల విభాగం తెరిచారు. బడి పిల్లలందరికీ క్రమం తప్పకుండా వైద్య పరీక్షలు జరగాలంది. మురికివాడల్లో మరుగుదొడ్ల గురించి అడిగింది. పేద ఆడపిల్లలకు ఫీజు మాఫీ కోరింది. చూడ్డానికి ఇవన్నీ చిన్న పద్దులే. కానీ మీ పాప బడిలో ఏడాదికోసారి బరువు, కళ్లు, పళ్లు చూసి కార్డు మీద రాసిస్తున్నారే, ఆ పని ప్రభుత్వం చేయాలని ఒకప్పుడు ఎవరో ఒకరు సభలో లేచి అడగాల్సి వచ్చింది.

పెళ్లి వయసు సంగతి వేరు. ఆ చట్టం చేసే అధికారం మద్రాసు సభకు లేదు, ఢిల్లీదే. అయినా ఆమె ఊరుకోలేదు. అమ్మాయికి కనీసం 16, అబ్బాయికి 21 ఉండేలా చట్టం చేయమని కేంద్రాన్ని కోరుతూ 1928లో తీర్మానం పెట్టి గెలిపించుకుంది. శాస్త్రాలకు విరుద్ధమన్నవాళ్లకు ఆమె దగ్గర ఉన్న జవాబు ప్రసూతి వార్డు. మరుసటి ఏడాది శారదా చట్టం వచ్చింది, కానీ అమ్మాయికి 14 దగ్గరే ఆగింది. 1949లో దాన్ని 15 చేశారు. 1978లోగానీ 18 కాలేదు. అంటే ఆమె అడిగిన పదహారు దాటడానికి దేశానికి యాభై ఏళ్లు పట్టింది.

పోనీ, ఇప్పుడైనా ఆ సమస్య తీరిందా అంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల మహిళల్లో 18 నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. మన చుట్టాల్లో ఎవరూ లేరనుకోవచ్చు. మనింట్లో అంట్లు తోమడానికి వచ్చే అమ్మాయిని అడిగితే తెలుస్తుంది.

దేవాలయాలకు ఆడపిల్లల్ని అర్పించే ఆచారం మీద ఆమె చేసిన పోరాటం గురించి మీరు వినే ఉంటారు. 1929లో తొలి సవరణ, పూర్తి నిషేధ చట్టం 1947లో. తన తల్లి పుట్టిన వర్గం గురించి నిండు సభలో మాట్లాడటం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

1930లో ఉప్పు సత్యాగ్రహంలో గాంధీజీని అరెస్టు చేస్తే నిరసనగా పదవికి రాజీనామా చేసింది. నాకైతే ఆ నిర్ణయం పట్ల గౌరవంతో పాటు కొంచెం బాధ కూడా కలుగుతుంది. 1934లో కార్మిక స్త్రీలకు కాన్పు భత్యం ఇచ్చే చట్టం ఆ సభలోనే వచ్చింది. అప్పటికి ఆమె ఆ కుర్చీలో లేదు. సభ బయట మాత్రం పని ఆగలేదు. ఆసరా లేక తన గుమ్మంలోకి వచ్చిన ఆడపిల్లల కోసం 1930లోనే అవ్వై హోం మొదలుపెట్టింది. చెల్లెలు క్యాన్సర్‌తో పోయిన దుఃఖాన్ని మూడు దశాబ్దాలు మోసి, 1954లో అడయార్‌లో పన్నెండు పడకలతో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ తెరిచింది. మన నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుంచి వెళ్లే రోగులకు ఆ పేరు బాగా తెలుసు.

1968 జులై 22న ఆమె కన్నుమూసింది. అప్పటికి చట్టంలో అమ్మాయి పెళ్లి వయసు ఇంకా 15గానే ఉంది.

పేద గర్భిణులకు మంచి తిండి కోసం, కూలి పోయిన రోజులకు బదులుగా డబ్బు ఇచ్చే పథకాన్ని 1987లో తమిళనాడు ప్రభుత్వం ఆమె పేరుతో మొదలుపెట్టింది. మొదట ఇచ్చింది 300 రూపాయలు. 2006లో ఆరు వేలు, 2011లో పన్నెండు వేలు, ఆ తర్వాత పోషకాహార కిట్లతో కలిపి పద్దెనిమిది వేలయింది. గర్భిణి పేరు నమోదు చేయించుకుని, పరీక్షలకు వచ్చి, ఆసుపత్రిలో ప్రసవించి, బిడ్డకు టీకాలు వేయించే కొద్దీ ఆ డబ్బు విడతలుగా అందుతుంది.