కరువులో కాలువ తవ్వించిన క్లౌ దొర



ఈ నెల గోడపత్రికకి ఒక మహనీయుని జీవితం రాయమని తెలుగు మేడమ్ చెప్పారు. గాంధీ గారిని, అల్లూరి సీతారామరాజు గారిని పోయిన నెలల్లోనే రాసేశారు. అంబేద్కర్ గారిని టెన్త్ అక్కలు తీసుకున్నారు. నేను జాన్ ఎవరెట్ క్లౌ గారి గురించి రాస్తున్నాను. పాతవాళ్ళు క్లౌ దొర అంటారు. ఒంగోలులో ఆయన పేరుతో ఆసుపత్రి ఉంది, అక్కడికి పోయినోళ్ళు మనలో కొంతమంది ఉంటారు. నేను ఎక్కువగా రాసేది మాత్రం కాలువ గురించి.

బకింగ్‌హామ్ కాలువ మనలో సగం మందికి తెలుసు. పెదగంజాం నుంచి మన నెల్లూరు సముద్రం పక్కనే వచ్చి, మద్రాసు దాటి మరక్కాణం దాకా పోతుంది. సుమారు 420 కిలోమీటర్లు. మా యానాది గుడిసెలు కొన్ని దాని గట్టు మీదే ఉన్నాయి. మా నాయన అందులోనే రొయ్యలు, పీతలు పడతాడు. అది పెన్న లాగా దానంతటది పారిన ఏరు కాదు. మనుషులు పారలతో తవ్వి, గంపలతో మన్ను మోసిన కాలువ. కొంత భాగం 1876 నుంచి 1878 దాకా వచ్చిన పెద్ద కరువులో తవ్వారు. అందులో మూడున్నర మైళ్ళు తవ్వించింది క్లౌ దొర.

ఆయన 1836 జూలై 16న అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో ఫ్రూస్‌బర్గ్ దగ్గర పుట్టారు. సేద్యం చేసుకునే ఇల్లు. తర్వాత ఆ కుటుంబం పడమర దిక్కుకి పోయి ఇల్లినాయిస్‌లో, అయోవాలో బతికింది. కుర్రతనంలోనే ఆయన మిన్నెసోటాలో భూములు కొలిచే సర్వే వాళ్ళ దగ్గర పనికి కుదిరారు. ఈ సర్వే పని గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అక్కరకొస్తుంది. చిన్నప్పుడు ఆయనకి దేవుడి మీద పెద్ద పట్టింపు లేదంట. కాలేజీలో చదివేటప్పుడే మనసు తిరిగి బాప్తిస్మం తీసుకున్నారు. హారియట్ అనే ఆమెని పెళ్ళి చేసుకున్నారు. 1864 చివర బోస్టన్‌లో ఇద్దరూ ఓడ ఎక్కారు. నెలల తరబడి సముద్రం మీద ఉండి 1865లో నెల్లూరు చేరారు.

అప్పటికి నెల్లూరులో అమెరికా బాప్టిస్టు మిషన్ పెట్టి పాతికేళ్ళు. 1840లో శామ్యూల్ డే దొర మొదలుపెట్టారు. ఇన్నేళ్ళలో చేరింది చాలా కొద్దిమంది. ఖర్చు దండగ, మూసేద్దాం అని అమెరికాలో పెద్దలు అనుకున్నారు. 1853లో మీటింగు పెట్టుకుని, చివరికి మూయకూడదని తీర్మానం చేశారు. వాళ్ళ పటంలో నెల్లూరు ఒక్కటే ఒంటరిగా చుక్కలాగా కనపడేదంట. అందుకని ఈ మిషన్‌కి ఒంటరి చుక్క అనే పేరు వచ్చింది. ఆ తర్వాత 1854 జనవరి 1న తెల్లవారక ముందే ఐదుగురు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేశారు. జూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు వాళ్ళు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్ళు, జూలియా, రూతు. ఒంగోలుకి ఒక బోధకుణ్ణి పంపమని వాళ్ళు అడిగారు. అప్పుడు క్లౌ గారు అమెరికాలో ఉన్న పదిహేడేళ్ళ కుర్రాడు, ఈ సంగతి ఆయనకి తెలియనే తెలియదు. ఈ కొండ గురించి చెప్పేటప్పుడు అందరూ జూయెట్ దొర పేరే చెప్తారు. నాకు మాత్రం ఆ చీకట్లో కొండెక్కిన జూలియా, రూతుల గురించి ఇంకా తెలుసుకోవాలని ఉంది.

క్లౌ గారు నెల్లూరులో తెలుగు నేర్చుకుని 1866 సెప్టెంబరులో ఒంగోలు పోయారు. అప్పుడు ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోదే. దానికి ముందే, అదే ఏడు మార్చిలో, ఒక మనిషి బాప్తిస్మం తీసుకున్నాడు. పేరు యెర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులం, తోళ్ళ వ్యాపారం. చదువు రాదు. కానీ దేవుడు యాడున్నాడో తెలుసుకోవాలని యోగుల దగ్గర, గురువుల దగ్గర ఏళ్ళ తరబడి తిరిగాడు. భార్య నాగమ్మ కూడా ఆయనతోపాటే నీళ్ళలో దిగింది. మరుసటి జనవరిలో క్లౌ గారు ఒంగోలుకి నలభై మైళ్ళ దూరంలో ఉన్న పేరయ్య పల్లెకి పోయారు. అప్పటికే పేరయ్య ఊరూరా చెప్పి ఉన్నాడు. ఆ ఒక్క పోకకే 28 మంది చేరారు. నా లెక్కన క్లౌ దొర పని సగం పేరయ్య కాళ్ళ మీద నడిచింది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఒంగోలులో దొరసాని పెట్టిన బడికి పెద్దకులాల పిల్లలు వస్తా ఉండేవాళ్ళు. మాల మాదిగలను సంఘంలో చేర్చుకుంటే మా పిల్లల్ని మానిపిస్తాం అని వాళ్ళ పెద్దలు అన్నారు. పెద్దకులాలు ముందు వస్తే తక్కిన వాళ్ళు వెనకే వస్తారని ఆ రోజుల్లో చాలామంది మిషనరీల ఆలోచన. ఏం చేయాలో తోచక ఆయన ఒక చోట, ఆమె ఇంకో గదిలో బైబిలు తెరిచారంట. ఇద్దరికీ ఒకే చోటు దొరికింది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఒకటో అధ్యాయం, దేవుడు లోకంలో ఎన్నికలేని వాళ్ళని ఎన్నుకున్నాడు అనే భాగం. మాదిగలను చేర్చుకున్నారు, పెద్దకులాల పిల్లలు బడి మానేశారు. క్లౌ గారు దాన్ని నష్టం అనుకోలేదు.

చేరిన వాళ్ళకి ఆయన మూడు నియమాలు పెట్టారు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకి మొక్కకూడదు. వినడానికి సులువే. కానీ అప్పుడు మాదిగ వాళ్ళు ఊరికి వెట్టి చేయాలి. ఎప్పుడు పిలిస్తే అప్పుడు పోవాలి, జాతరకి డప్పు కొట్టాలి. ఆదివారం రాము, జాతరకి కొట్టము అంటే ఊరి పెద్దలు ఊరుకుంటారా? పని ఆపేశారు, నీళ్ళు ఆపేశారు, కొట్టిన వాళ్ళు కూడా ఉన్నారు. ఒక్క ఆదివారం కూర్చుని ప్రార్థన చేసుకోవడానికి తక్కిన ఆరు రోజుల కూడు పణంగా పెట్టాల్సి వచ్చింది. మనకి ఆదివారం అంటే బట్టలు ఉతుక్కోవడం, తల దువ్వించుకోవడం. వాళ్ళకి అది యుద్ధం.

రెండో నియమం దగ్గర నాకు మనసు ఒప్పుకోదు. ఆకలేసిన వాడు ఏం తిన్నాడు అని లెక్క అడగడం నాకు నచ్చదు. మా వాళ్ళు ఎలకలు పట్టుకుని తింటారని నవ్వినోళ్ళని నేను చూశాను, అందుకని అలా అనిపిస్తుందేమో. క్లౌ గారి ఉద్దేశం వేరు. చచ్చిన గొడ్డు కోసం ఊరి మీద ఆధారపడే బతుకు పోవాలని ఆయన కోరిక. అది న్యాయమే. అయినా నాకు అనిపించింది రాశాను.

ఇప్పుడు కరువు. 1876లో వానలు లేవు. మద్రాసు రాజధాని అంతా పంటలు పోయాయి. 1877లో ఇంకా ఘోరం. లక్షల మంది చచ్చిపోయారు. సర్కారు కరువు పనులు పెట్టింది. 1877 మొదట్లో కూలీ ఎంతంటే, మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే అరకిలో కూడా కాదు. అది తిని పొద్దస్తమానం మన్ను మోయాలి. మాల మాదిగ కూలీలు పనికి పోతే మేస్త్రీలు తిట్టడం, తరమడం. వాళ్ళు వచ్చి క్లౌ గారి దగ్గర ఏడ్చారు.

ఆయన ఉత్త ప్రార్థన చేసి ఊరుకోలేదు. సర్కారు దగ్గరకి పోయి బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకున్నారు. మిన్నెసోటా సర్వే పని ఇప్పుడు అక్కరకొచ్చింది! కొలతలు ఆయనే చూసుకోగలరు. కాలువ పక్కన గుడిసెలు వేయించి, తాగే నీళ్ళకి బావులు తవ్వించారు. తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టారు. వేల మంది వచ్చారు, ఏ కులమైనా పని ఇచ్చారు. కూలీ తిన్నగా చేతికి ఇచ్చారు. కూలీలు కాసేపు కూర్చున్నప్పుడు బోధకులు పక్కన కూర్చుని దేవుడి మాట చెప్పేవాళ్ళు. మత్తయి సువార్త పదకొండో అధ్యాయంలో, బరువు మోసి అలసిన వాళ్ళకి విశ్రాంతి గురించి ఒక మాట ఉంది. ఎక్కువగా అదే చెప్పేవాళ్ళంట. నెత్తిన మట్టిగంప దించి కూర్చున్న మనిషికి ఆ మాట వేరే అర్థం చెప్పాల్సిన పని లేదు.

వినండి, నేను ఈయన్ని ఎందుకు ఎంచుకున్నానో ఇప్పుడు వస్తుంది. జనం గుంపులు గుంపులుగా వచ్చి బాప్తిస్మం ఇమ్మన్నారు. ఆయన ఇవ్వలేదు! పదిహేను నెలలు ఒక్కరికి కూడా ఇవ్వలేదు. తిండి పెట్టే చేతిని చూసి వస్తున్నారేమో, కరువు పోయాక వెనక్కి పోతారేమో అని ఆయన భయం. పని ఇచ్చారు, కూడు ఇచ్చారు, దానికి బదులు ఏమీ అడగలేదు.

1878లో వానలు పడ్డాయి, సాయం పంచడం అయిపోయింది. జూన్‌లో గుండ్లకమ్మ ఏటి పక్కన వెల్లంపల్లికి తన బోధకుల్ని రమ్మన్నారు. బోధకుల వెనకే వేల మంది వచ్చేశారు. ఇంక ఇవ్వడానికి నా దగ్గర డబ్బు లేదు, ఇళ్ళకి పొండి అని ఆయన చెప్పారు. మాకు డబ్బు వద్దు, మా చేతులతో మేం పని చేసుకుని బతుకుతాం, బాప్తిస్మం ఇవ్వండి చాలు అని వాళ్ళు అడిగారు. అప్పుడు ఆయన ఒప్పుకున్నారు. బోధకులు ఏ పల్లెవాళ్ళని ఆ పల్లె వరసన కూర్చోబెట్టి విచారించి పేర్లు రాసుకున్నారు. 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది ఆ ఏట్లో బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో నిలబడి ఇచ్చారు. మధ్యాహ్నం కాసేపు ఆపి మళ్ళీ మొదలుపెట్టారు. క్లౌ దొర ఆ రోజు ఒక్కరికి కూడా ఇవ్వలేదు, గట్టు మీదే ఉండి అంతా జరిగేలా చూశారు. ఆ ఏడాది మొత్తం 9,606 మంది.

అయినా కూడు కోసం కలిశారనే మాట అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. మా అమ్మ ఆదివారం మందిరానికి పోతే మా పాలెంలో ఒకాయన బియ్యం కోసం పోతుంది అని అన్నాడు. మందిరంలో ఎవరూ బియ్యం ఇవ్వరు, అమ్మే వలలో పడిన దాంట్లో పిడికెడు రొయ్యలు అమ్మి కానుక వేస్తుంది. నాయన మందిరానికి రాడు, కానీ అమ్మని ఆపడు. నన్ను కూడా హాస్టల్లో అన్నం కోసం చేరింది అన్నారు. అవును, అన్నం కోసమే వచ్చాను. చదువు కోసం కూడా వచ్చాను. ఈ రెండూ ఒక కడుపులో పట్టవా? కాలువ మీద కూలీ తీసుకున్న వాళ్ళలో ఎంతమంది మనసులో ఏముందో పైనున్న దేవుడికే తెలుసు. పదిహేను నెలలు వద్దన్నా వాళ్ళు పోలేదు. వానలు పడ్డాక, చేలో పని ఉండగా, సొంత కాళ్ళ మీద వెల్లంపల్లి దాకా నడిచారు.

తర్వాత సంగతులు గబగబా చెప్తాను. అంతమంది చేరాక పల్లెల్లో బడులు కావాల్సి వచ్చాయి. బడి మొహం చూడని ఇళ్ళ పిల్లలు పలకలు పట్టుకున్నారు. 1893లో హారియట్ గారు చనిపోయారు. 1894లో ఆయన ఎమ్మా గారిని పెళ్ళి చేసుకున్నారు. ఎమ్మా గారు బాగా చదువుకున్నామె. ఆమె మాదిగ ఇళ్ళలో ముసలివాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళు చెప్పిన కథలన్నీ రాసుకుని 1899లో పుస్తకం వేశారు. ఆ పుస్తకం పేరుకి తెలుగులో చెప్పులు కుడుతూ అని అర్థం. చెప్పులు కుడుతూనే వాళ్ళు దేవుడి సంగతి మాట్లాడుకునేవాళ్ళు. మా అమ్మ కూడా వల బాగుచేస్తానే ప్రార్థన చేస్తుంది. కళ్ళు మూసుకోదు, మూసుకుంటే ముడి తప్పుతుంది.

క్లౌ గారు 1910లో అమెరికా తిరిగి పోయి, ఆ ఏడు నవంబరులోనే రోచెస్టర్‌లో కన్నుమూశారు. వయసు 74. ఆయన తన జీవితం గురించి చెప్పిందంతా ఎమ్మా గారు పుస్తకంగా రాశారు, అది 1914లో అచ్చయింది. ఇంగ్లీషులో ఉంది. మన లైబ్రరీ బీరువాలో వెతికాను, లేదు. ఎవరి ఇంటి దగ్గరైనా ఉంటే సెలవులకి పోయినప్పుడు తీసుకురండి. ఇంగ్లీషు మేడమ్ చదివి చెప్తామన్నారు.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని