బ్లేజ్ పాస్కల్ జీవితము

మా పాఠశాలలో కంప్యూటరు పాఠము నేర్చుకొను బాలబాలికలు మమ్ము తరచుగా నొక ప్రశ్న యడుగుచుందురు. అంకెలన్నియు నంకెలే గదా. పూర్ణసంఖ్యలకు నొక పాత్రయు, దశాంశసంఖ్యలకు వేరొక పాత్రయు నేల యని వారి సందేహము. దీనికి సమాధానము దాదాపు 380 ఏండ్ల క్రిందట నొక యువకుడు తన తండ్రి కొరకు చేసిన పనియందు గలదు. అతని చరిత్రము నిచట సంగ్రహముగా దెలుపుచున్నాము.

బ్లేజ్ పాస్కల్ 1623వ సంవత్సరము జూన్ 19వ తేదీన ఫ్రాన్సు దేశమందలి క్లెర్మాన్ పట్టణమున జన్మించెను. అతనికి మూడేండ్ల ప్రాయమున తల్లి గతించెను. తండ్రి ఎతియెన్ 1631లో బిడ్డలతో పారిస్ నగరము చేరి, తానే వారికి గురువయ్యెను. భాషలు చక్కగా వచ్చినపిదప గాని గణితము చెప్పరాదని యాయన నిశ్చయము. అయినను బాలుడు పండ్రెండవ యేట తనంతట తానే నేలపై బొమ్మలు గీసికొని, త్రిభుజమందలి మూడు కోణములు రెండు లంబకోణములకు సమానమని కనుగొనెనని యతని యక్క వ్రాసియున్నది.

తరువాత తండ్రికి రువాన్ పట్టణమున పన్నుల లెక్కలు చూచు నుద్యోగము లభించెను. ఆ దేశపు నాణెములలో 12 దెనియేలు ఒక సోల్, 20 సోల్‌లు ఒక లీవ్ర్. రూపాయికి 16 అణాలుండిన 1957కు పూర్వపు లెక్కల చిక్కు మన తాతలు బాగుగ నెఱుగుదురు. తండ్రి శ్రమను జూచి యోర్వలేక పాస్కల్ 1642లో, పందొమ్మిదేండ్ల వయస్సున, లెక్కల యంత్రమును నిర్మింప బూనెను.

అందు దెనియేల చక్రమునకు 12 పండ్లు, సోల్‌ల చక్రమునకు 20, లీవ్రుల చక్రములకు పదేసి. ఒక చక్రము పూర్తిగా తిరిగినంతనే, మెల్లగా పైకి లేచిన బరువుకమ్మి క్రిందపడి ప్రక్క చక్రము నొక పన్ను జరుపును. ఈ యంత్రము కుదురుటకు పాస్కల్ ఏబదికి పైగా నమూనాలు చేసెను. నడుమ నొక గడియారముల పనివాడు చూడ సొంపైనదియు, పని కక్కఱకు రానిదియు నగు నకలు నొకటి చేయగా, పాస్కల్ మనసు విరిగి పని మానివేసెను. మిత్రుల ప్రోత్సాహమున మరల బూనుకొనెను. 1649లో రాజు దానిని జేయు హక్కు నతని కొసగెను.

ఇందు ముఖ్యవిషయ మొకటి కలదు. డబ్బు లెక్కకు నొక విధమగు యంత్రము, నేల కొలతలకు వేరొక విధము, సామాన్య సంఖ్యలకు మఱియొకటి. పగిడ్యాల రైతు నడిగినను నిదే చెప్పును. పుట్టికి 20 తూములు, ఎకరమునకు 100 సెంట్లు. తూములను సెంట్లతో కూడినవాని లెక్క యెన్నటికిని తేలదు.

1970లో స్విట్జర్లాండు పండితుడు నిక్లాస్ విర్త్ కంప్యూటరు భాష నొకదానిని ప్రకటించి, దానికి పాస్కల్ పేరు పెట్టెను. అందు ప్రతి సంఖ్యకును ముందుగనే జాతి చెప్పవలెను. పిమ్మట వచ్చిన జావా మొదలగు వస్తుప్రధాన భాషలలోను నీ నియమమే కలదు. జావాలో అన్ని జాతులకు పనికివచ్చు సామాన్యపు సంచిలో ఒట్టి యంకె యిముడదు. దానిని వస్తువను పొట్లములో గట్టి యుంచవలెను. అంకెలు లక్షలైనచో పొట్లముల బరువే హెచ్చగును. పూర్ణసంఖ్యలకే యేర్పఱచిన వరుసలోనైన నొక్కొక్క యంకెకు 4 బైట్లు చాలును. దశాంశసంఖ్య పొరపాటున అందు జొరబడబోయినచో, ప్రోగ్రాము నడువక మునుపే తప్పు బయటపడును. అయితే ప్రతి జాతికిని వేరు పాత్ర చేయు శ్రమ తప్పదు. పాస్కల్‌కును నా శ్రమ తప్పలేదు గదా!

అతని యంత్రములు వెల హెచ్చగుటచే నంతగా అమ్ముడుపోలేదు. పాస్కల్ గాలికి గల ఒత్తిడిని పరిశోధించెను. 1654లో ఫెర్మా పండితునితో సంభావ్యతా గణితమునకు పునాది వేసెను. జీవితమంతయు వ్యాధిపీడితుడై 1662 ఆగస్టు 19వ తేదీన, ముప్పదితొమ్మిదవ యేట మరణించెను. అతని యంత్రములు కొన్ని నేటికిని నిలిచియున్నవి.

విద్యార్థులారా, ఆ యువకుడు కీర్తికై యంత్రమును జేయలేదు. తండ్రి చేతి బరువును దించుటకై చేసెను. మీ యింట లెక్కల బరువు మోయువారిని జూడుడు. మీరు నేర్చిన విద్య మొదట వారికి సాయపడుగాక.