రెండున్నర లక్షలు వద్దన్న వీసీ.. సర్కారు గ్రాంటుకు అశుతోష్ ముఖర్జీ ఎందుకు నో చెప్పారు?

యూనివర్సిటీ ఖజానా ఖాళీ. లెక్చరర్లకు జీతాలివ్వడమే కష్టమైపోయింది. అలాంటి టైంలో సర్కారు రెండున్నర లక్షల రూపాయలు ఇస్తానంది. 1922లో రెండున్నర లక్షలంటే మామూలు మాట కాదు. కానీ ఆ వీసీ వద్దు పొమ్మన్నారు. ఆయనే సర్ అశుతోష్ ముఖర్జీ. బెంగాల్ జనం ముద్దుగా పిలుచుకున్న 'బెంగాల్ పులి'.

1864 జూన్ 29న కోల్‌కతాలో పుట్టారు. చదువుకున్నది లెక్కలు, ఫిజిక్స్. బతుకుదెరువు మాత్రం లా. 1904లో కలకత్తా హైకోర్టు జడ్జి అయ్యారు. రెండేళ్లకే కలకత్తా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ బాధ్యత కూడా వచ్చింది. పగలు కోర్టు, ఆ తర్వాత యూనివర్సిటీ ఫైళ్లు. జడ్జిగా ఉంటూనే రెండూ లాక్కొచ్చారు.

అప్పటికి మన దేశంలో యూనివర్సిటీ అంటే పరీక్షలు పెట్టి డిగ్రీలిచ్చే ఆఫీసే. పాఠాలు కాలేజీల్లో, రీసెర్చ్ విదేశాల్లో. దీన్నే మార్చాలనుకున్నారు అశుతోష్. 1904 నాటి యూనివర్సిటీల చట్టం సర్కారు పట్టు బిగించడానికి తెచ్చిందని దేశమంతా తిట్టింది. యూనివర్సిటీలే సొంతంగా ప్రొఫెసర్లను పెట్టుకోవచ్చన్న వెసులుబాటు కూడా అందులోనే ఉంది. ఈయన దాన్ని పట్టుకున్నారు.

మరి డబ్బు? సైన్స్ కాలేజీకి సర్కారు నుంచి ఆశించిన సాయం రాలేదు. దాతలు ముందుకొచ్చారు. లాయర్ తారక్‌నాథ్ పాలిత్ ఆస్తి, నగదు కలిపి సుమారు 15 లక్షలు ఇచ్చేశారు. మరో లాయర్ రాష్‌బిహారీ ఘోష్ 10 లక్షలు ఇచ్చారు. 1914 మార్చి 27న సైన్స్ కాలేజీకి శంకుస్థాపన జరిగింది. అప్పటికి వీసీగా ఆయన పదవీకాలం ఇంకొన్ని రోజులే మిగిలింది!

ఇక మనుషుల్ని ఏరుకోవడంలో ఆయన స్టైలే వేరు. ఆర్థిక శాఖలో పెద్ద ఉద్యోగం చేస్తున్న సీవీ రామన్‌ను పాలిత్ ప్రొఫెసర్‌గా పిలిచారు. చిన్నప్పుడు మన విశాఖపట్నంలో చదువుకున్న రామనే. నెలకు 1,100 వచ్చే చోటు వదిలి 600 జీతానికి 1917లో వచ్చేశారు. జీతం సగానికి తగ్గుతుందంటే ఉద్యోగం మారేవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి! మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ కుర్రాళ్లుగా ఉన్నప్పుడే లెక్చరర్లయ్యారు. 1921లో మైసూరు నుంచి సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను ఫిలాసఫీకి తెచ్చారు. పదేళ్ల తర్వాత ఆంధ్రా యూనివర్సిటీ వీసీ అయింది ఆ రాధాకృష్ణనే.

అయితే దాతల సొమ్ముతో కుర్చీలు వచ్చాయి కానీ రోజువారీ ఖర్చు ఎవరిస్తారు? కలకత్తా యూనివర్సిటీ బతికేదే పరీక్ష ఫీజుల మీద. 1921లో సహాయ నిరాకరణతో పిల్లలు కాలేజీలు వదిలేశారు. ఫీజులు పడిపోయాయి. అదే ఏడాది సర్కారు డబ్బుతో ఢాకా యూనివర్సిటీ తెరుచుకుంది. సత్యేంద్రనాథ్ బోస్ అక్కడికి వెళ్లిపోయారు. 1924లో ఐన్‌స్టీన్‌కు ఆయన పంపిన పేపర్ ఢాకా నుంచే వెళ్లింది. 1923లో సాహా కూడా అలహాబాద్ వెళ్లిపోయారు. డబ్బు లేకపోతే పోయేది ముందు మనుషులే కదా.

మళ్లీ వీసీ అయిన అశుతోష్ ముందుకు గ్రాంటు ఫైలు వచ్చింది ఈ కష్టంలోనే. దానికి షరతులున్నాయి. లోటు పూడేదాకా కొత్త విస్తరణ వద్దు, లెక్కలు తాము చెప్పినట్టు చూపాలి. నిజం చెప్పాలంటే సర్కారు వాదనలో కొంత న్యాయం ఉంది. డబ్బు చేతికి రాకముందే డిపార్ట్‌మెంట్లు తెరుస్తూ పోయారన్న విమర్శ ఆయన మీద గట్టిగానే ఉండేది. కానీ లెక్కలు అడగడం వేరు, ఏం పెంచాలో ఏం ఆపాలో చెప్పడం వేరు. 1922 డిసెంబర్‌లో సెనేట్‌లో ఆయన వాదించింది ఇదే. ఆకలితో ఉన్నా సరే, స్వేచ్ఛను అమ్ముకోబోమని తేల్చేశారు. గ్రాంటు వెనక్కి వెళ్లింది.

ఆకలి మాత్రం వీసీది కాదు, లెక్చరర్లది. ఆయన హైకోర్టు జడ్జి. ఈ కోణం ఎందుకో పెద్దగా ఎవరూ మాట్లాడరు.

1923లో గవర్నర్ లార్డ్ లిట్టన్ మళ్లీ వీసీగా ఉండమన్నారు. అయితే సర్కారుకు ఎదురు తిరగకూడదని షరతు. అశుతోష్ ఆ పదవీ వద్దన్నారు. మరుసటి ఏడాది, 1924 మే 25న, ఒక కేసు పని మీద వెళ్లిన పాట్నాలోనే చనిపోయారు.

నాలుగేళ్లకు రామన్ ఎఫెక్ట్ బయటపడింది. 1930లో నోబెల్ వచ్చే నాటికీ రామన్ ఉన్నది పాలిత్ దానంతో పెట్టిన ఆ కుర్చీలోనే. 1934లో అశుతోష్ కొడుకు శ్యామాప్రసాద్ ముఖర్జీ 33 ఏళ్లకే అదే యూనివర్సిటీకి వీసీ అయ్యారు.