పాత రిజిస్టర్లు, కడప బ్రౌన్ దొర

ముత్తాత ఊరేదో తెలుసుకోవాలనుకునే ఇటలీ సంతతివారు ఆ ఊరి చర్చికి కూడా ఉత్తరం రాస్తుంటారు. 1563లో ట్రెంట్ మహాసభ ప్రతి విచారణలోనూ బాప్తిస్మాలు, పెండ్లిండ్లు పుస్తకంలో ఎక్కించాలని నిర్ణయించింది. ఆ పుస్తకాలే నేటికీ కుటుంబాలను కలుపుతున్నాయి. మన కడపలో లండన్ మిషన్ 1822లో పని మొదలుపెట్టింది. మన పెద్దల పేర్లు కూడా సంఘ రిజిస్టర్లలోనే ఉన్నాయి, చెదలు తినకుండా మిగిలిన చోట.

కడప పేరు చెప్పగానే గుర్తొచ్చే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ గారి మూలం వెదికినా చర్చి గుమ్మానికే చేరతాం. అయితే అది ఇంగ్లండులో లేదు, కలకత్తాలో ఉంది. తండ్రి డేవిడ్ బ్రౌన్ యార్క్‌షైరువాడు. 1786లో కలకత్తా వచ్చి, మరుసటి ఏడు పాత మిషన్ చర్చి బాధ్యత తీసుకుని, ఏళ్ల తరబడి జీతం లేకుండా సేవ చేశాడు. ఫోర్ట్ విలియం కాలేజీకి పెద్దగానూ ఉన్నాడు. 1798 నవంబరు 10న చార్లెస్ పుట్టాడు. ఇంట్లో బైబిలు అనువాదాల మాటలే ఎప్పుడూ. పిల్లవాడికి హీబ్రూ, పారసీ వంటి భాషలు తండ్రి దగ్గరే అబ్బాయి. 1812లో తండ్రి చనిపోగా కుటుంబం ఇంగ్లండు వెళ్లింది.

1817లో కుంపిణీ ఉద్యోగిగా మద్రాసులో దిగేనాటికి ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. 1820లో కడపలో కలెక్టరు హాన్బరీ కింద చేరాక, ఆ దొర జనంతో తెలుగులో ధారాళంగా మాట్లాడడం చూసి పట్టుదల పెరిగింది. మరుసటి ఏడే సొంత డబ్బుతో పిల్లలకు ఉచిత బడులు పెట్టాడు. తర్వాత వేమన పద్యాల వ్రాతప్రతులు వెదికించి, పోల్చి, 1829లో అచ్చు వేయించాడు. మన రాయలసీమ కవిని లోకానికి చూపించింది ఒక పాదిరి కొడుకు!

1826లో మళ్లీ కడపకు వచ్చి బంగళా కొన్నాడు. అందులో పండితులు, లేఖకులు కూర్చుని తాటాకు గ్రంథాలకు శుద్ధప్రతులు రాసేవారు. ఆయన బదిలీ మీద ఎక్కడ ఉన్నా అయోధ్యాపురం కృష్ణారెడ్డి గారు ఆ పని నడిపించేవారు. జీతాలన్నీ బ్రౌన్ జేబులోవే, అప్పులూ ఆయనవే. 1834లో ఉద్యోగం పోయి లండను వెళ్లినప్పుడూ ఖాళీగా కూర్చోలేదు. అక్కడి కుంపిణీ గ్రంథాలయంలో దక్షిణాది వ్రాతప్రతులను సర్దాడు. తిరిగివచ్చాక వ్యాకరణం, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. పనివాళ్లు, రైతులు వాడే మాటలకూ అందులో చోటిచ్చాడు. మనకు ఆయన చేసిన అన్నిటిలోకీ ఇదే పెద్ద మేలని నా అభిప్రాయం.

1884 డిసెంబరు 12న లండనులో కన్నుమూశాడు. సమాధి కెన్సల్ గ్రీన్‌లో ఉంది. పెండ్లి చేసుకోలేదు గనుక ఆయన వంశం ఏ బాప్తిస్మపు పుస్తకంలోనూ ముందుకు సాగదు. కడప ఎర్రముక్కపల్లిలో బంగళా కూలి మొండిగోడలు మిగిలితే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఊరూరా విరాళాలు అడిగి అక్కడే గ్రంథాలయం లేపారు. గుమ్మం మీద బ్రౌన్ పేరుంది.